ముందు మాలు, తర్వాత బోనస్

ఈ అధ్యాయం తెరిచిన వాళ్లలో చాలామంది జేబులో ఇప్పటికే ఒక లెక్క ఉంటుంది: మేస్త్రికి ఇంత ఎక్కువిస్తే గోడలు ఇన్ని రోజులు ముందు లేస్తాయి. ఆ కాగితాన్ని ఒక్కరోజు జేబులోనే ఉండనివ్వండి. రేపు పొద్దున సైటుకు వెళ్లి, గోడ కట్టే జట్టు కనబడేలా కాస్త నీడ చూసుకుని కూర్చోండి. పది నిమిషాలకోసారి తలెత్తి, ఇద్దరు మేస్త్రీలూ ముగ్గురు హెల్పర్లూ సరిగ్గా ఆ క్షణాన ఏం చేస్తున్నారో ఒక్కొక్కరికీ ఒక్కో గీత పెట్టండి. ఇటుక పెడుతున్నారా, మాలు కోసం చూస్తున్నారా, పరంజా మారుస్తున్నారా, నిన్న కట్టింది కొట్టేస్తున్నారా? ఎనిమిది గంటల్లో నలభై ఎనిమిది సార్లు, అయిదుగురికీ కలిపి 240 గీతలు. ఎందుకు కూర్చున్నారో జట్టుకు ముందే చెప్పాలి సుమా. చెప్పకపోతే ఆ రోజు సైటంతా మీ కోసం నటిస్తుంది.

నేను మొదటిసారి ఇలా కూర్చున్నది హైదరాబాద్ శివార్లలో, అయిదంతస్తుల అపార్ట్‌మెంటు పనిలో. అప్పటికి మేస్త్రీలు బద్ధకస్తులన్న నమ్మకం నాకు గట్టిగా ఉండేది. సాయంత్రం గీతలు కూడితే సగానికి దగ్గరగా ఎదురుచూపుల గడిలోనే పడ్డాయి. మిక్సరు కింద ఉంది, గోడ నాలుగో అంతస్తులో ఉంది, లిఫ్టు ఒక్కటే. ఆ లిఫ్టులోనే బార్ బెండింగ్ వాళ్ల ఊచలూ ఎక్కాలి. పదకొండింటికి ఇసుక అయిపోయింది. మధ్యాహ్నం ఒక మూల గోడ ఆపాల్సి వచ్చింది, కారణం తలుపు ఎటు తెరుచుకోవాలో డ్రాయింగులో ఒకలా, యజమాని నోట ఇంకోలా ఉంది. వీటిలో మేస్త్రి చేతిలో ఉన్నది ఒక్కటీ లేదు. అతనికి రెట్టింపు కూలి ఇస్తానన్నా లిఫ్టు రెట్టింపు వేగంతో పైకి రాదు కదా!

బోనస్ స్కీములు చతికిలబడేది ఎక్కువగా ఇక్కడే. మనం డబ్బు పెట్టి కొనగలిగేది మనిషి తన చేతుల్లోంచి ఇవ్వగలిగిందే. అమెరికాలో జాన్ బోర్చర్డింగ్ అనే ఆయన నిర్మాణ కూలీలతో, ఫోర్‌మన్లతో మాట్లాడి 1970ల నుంచి రాసిన పరిశోధనల్లోనూ ఇదే వస్తుంది. పనివాళ్ల ఉత్సాహం చంపేవి ఏమిటంటే సామాను అందకపోవడం, పనిముట్లు లేకపోవడం, చేసిన పనే మళ్లీ చేయించడం. తర్వాత గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ ఇంకో లెక్క తీశారు. సైట్లలో ఈ వారం పూర్తవుతాయని రాసుకున్న పనుల్లో నిజంగా పూర్తయ్యేవి ఎన్ని అని చూస్తే అటూ ఇటూగా సగం తేలాయి. మన సైట్ల మీద ఆ లెక్క ఎవరైనా తీస్తే సగం వచ్చినా నేను సంతోషిస్తాను.

వంగడం మాన్పించిన మనిషి

గోడ కట్టడం గురించి ఫ్రాంక్ గిల్‌బ్రెత్ ఆలోచించినంత శ్రద్ధగా ఇంకెవరూ ఆలోచించి ఉండరు. 1885లో, పదిహేడేళ్ల వయసులో బోస్టన్‌లో తాపీ పనిలో చేరాడు. పని నేర్పిన మేస్త్రీలు తలా ఒకలా నేర్పారు. ఒకే మేస్త్రి కూడా కుర్రాడికి చూపించేటప్పుడు ఒకలా, నింపాదిగా కట్టేటప్పుడు ఒకలా, తొందరలో మరోలా చేతులు కదిపేవాడు. ఆ తేడా అతన్ని జీవితమంతా వదల్లేదు. కాంట్రాక్టరయ్యాక ఒక ఇటుక పెట్టడానికి మేస్త్రి చేసే 18 కదలికలను అయిదుకు దించాడు. 1909లో ఇటుక పని మీద పుస్తకం అచ్చు వేశాడు. గంటకు 120 ఇటుకలు పెట్టే చోట 350 పెట్టించాడని, ఫ్యాక్టరీ పనిని గడియారంతో కొలిచిన అమెరికా ఇంజినీరు టేలర్ 1911 నాటి తన పుస్తకంలో రాశాడు.

అందులో మేస్త్రిని పరిగెత్తించింది ఏమీ లేదు. మేస్త్రితో పాటు పైకి జరిగే పరంజా, ఇటుకలకూ మాలుకూ దాని మీదే నడుం ఎత్తున ఒక బల్ల. ఇటుకలను కిందే ఏరి, మంచి ముఖం ఒకే వైపు ఉండేలా హెల్పరే పేర్చి పంపుతాడు. మాలు సరైన పదునులో కలిపి ఇస్తే తాపీతో ఇటుక నెత్తిన కొట్టే పనుండదు, చేత్తో అదిమితే చాలు.

మన సైట్లలో ఇటుకలు ఎక్కడుంటాయి? మేస్త్రి కాళ్ల దగ్గర. రోజుకు ఆరొందల ఇటుకలు పెట్టే మనిషి ఆరొందల సార్లు వంగి లేస్తున్నాడు. ఇటుక బరువు మూడు కిలోలే, కానీ ప్రతిసారీ దానితో పాటు తన సగం ఒంటిని కూడా ఎత్తుతున్నాడు. మధ్యాహ్నం మూడింటికి చెయ్యి నెమ్మదిస్తే "అన్నం తిన్నాక మత్తు" అంటాం. పాత సెంట్రింగ్ చెక్కలతో నడుం ఎత్తు బల్ల కొట్టించడానికి వడ్రంగికి ఒక పూట చాలు. ఇన్ని బోనస్ స్కీములు చూశాను గానీ, ఆ బల్ల కొట్టించిన సైటు మాత్రం అరుదు.

కాబట్టి మొదటి నెల ఎవరికీ ఏమీ ఇవ్వకండి. ఆ నెల గీతల కాగితం చూసి ఎదురుచూపులు తగ్గించండి. ఇసుక ముందురోజు సాయంత్రానికే చేరాలి. లిఫ్టుకు వేళలు రాసి గోడకు అంటించాలి. పొద్దున మొదటి గంట ఇటుకలకు, తర్వాత ఊచలకు అన్నట్టు. ఏ గోడలో ఏ పైపు వస్తుందో ఎలక్ట్రీషియన్, ప్లంబరు సుద్దతో గీసి వెళ్లాకే ఆ గది మేస్త్రికి అప్పగించాలి. కట్టిన గోడకు గాడి కొట్టించడం లాంటి పాపం ఇంకోటి లేదు, అది మేస్త్రి కళ్లెదురుగా అతని పనిని అవమానించడమే. ఈ నెల తర్వాత వచ్చే రోజువారీ పనే మీ అసలు ప్రమాణం. దాని మీద కట్టే బోనస్సే నిలబడుతుంది.

లెక్క

ఎస్టిమేషన్ పుస్తకాల్లో పాత ప్రమాణం ఒకటుంది: పునాది ఇటుక పని మేస్త్రికి రోజుకు 1.25 ఘనపు మీటర్లు. పై అంతస్తుల్లో ఇంకాస్త తక్కువ. దాన్ని గుడ్డిగా తీసుకోవద్దు, మీ సైటులో మీరు కొలిచిన సంఖ్యే వాడండి. ఇక్కడ ఉదాహరణ కోసం 1.25 అనే అనుకుందాం. కూలి మేస్త్రికి రోజుకు 1000, హెల్పరుకు 700 అనుకుందాం. ఇద్దరు మేస్త్రీలు, ముగ్గురు హెల్పర్ల జట్టుకు రోజుకు 4100. ఆరు రోజులకు 24,600. ఆ వారంలో కట్టాల్సింది 15 ఘనపు మీటర్లు, అంటే ఘనపు మీటరుకు కూలి ఖర్చు 1640.

జట్టు 18 ఘనపు మీటర్లు కట్టిందనుకోండి. అది 7.2 రోజుల పని. ఆదా అయింది 1.2 రోజులు, డబ్బులో 4920. అందులో సగం జట్టుకు, సగం మీకు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు, అమెరికా ఇంజినీరు ఫ్రెడరిక్ హాల్సీ 1891లోనే చెప్పాడు. జట్టుకు వచ్చే 2460ని కూలి నిష్పత్తిలో పంచితే మేస్త్రికి 600, హెల్పరుకు 420. మీ ఖర్చు ఘనపు మీటరుకు 1640 నుంచి సుమారు 1503కు దిగుతుంది.

కొన్నేళ్ల తర్వాత, 1898లో, గ్లాస్గోలో జేమ్స్ రోవన్ వేరే సూత్రం పెట్టాడు. అనుమతించిన కాలంలో ఆదా అయిన భాగం ఎంతో, తీసుకున్న కాలపు కూలి మీద అంత భాగం బోనస్. పై లెక్కలో 7.2లో 1.2 అంటే ఆరో వంతు. ఆరు రోజుల కూలిలో ఆరో వంతు 4100. కొద్దిపాటి ఆదాకు ఇది హాల్సీ కంటే ఎక్కువ ఇస్తుంది, కానీ ఎంత చేసినా బోనస్ కూలిని మించిపోదు. ప్రమాణం తప్పుగా కొలిచామేమోనన్న భయమున్న యజమానికి ఇది గొడుగు. నా మటుకు నాకు హాల్సీయే ఇష్టం, ఒకే ఒక్క కారణానికి: "మిగిలిందాంట్లో సగం మీది" అంటే చదువురాని మనిషికి కూడా ఒక్క మాటలో అర్థమవుతుంది. రోవన్ సూత్రం నేను ఒక మేస్త్రికి మూడుసార్లు చెప్పాను. మూడోసారి అతను జాలిగా నవ్వి, "మీరు ఎంతిస్తే అంతే లెండి సార్" అన్నాడు. ఆ మాట విన్నాక ఆ స్కీము చచ్చినట్టే.

హెల్పర్లను లెక్కలోంచి తీసేసి బోనస్ అంతా మేస్త్రి చేతిలో పెట్టేవాళ్లుంటారు. వాళ్లు ఒకసారి బరువు లెక్క వేసుకోవాలి. రోజుకు మూడు ఘనపు మీటర్ల గోడంటే దాదాపు 1500 ఇటుకలు, నాలుగున్నర టన్నులు, మాలు కాకుండా. ఆ బరువంతా మోసి అందించేది ముగ్గురు హెల్పర్లు, మన దగ్గర ఎక్కువగా ఆడవాళ్లు. తట్ట ఆలస్యమైతే తాపీ ఆగుతుంది. ఇంకో మాట. ఆడ హెల్పరుకు మగ హెల్పరు కంటే కూలి తక్కువ రాసే అలవాటు మీ హాజరు పుస్తకంలో ఉంటే, నిష్పత్తి లెక్కలో ఆ అన్యాయం బోనస్‌లోకీ పాకుతుంది. ఒకే పనికి ఒకే కూలి అన్నది 1976 నుంచి చట్టం. దాన్ని ముందు సరిచేసి తర్వాత పంచండి.

గోడ పొడవు కూడా చూసుకోవాలి. ఒక రోజులో మీటరున్నర మించి ఎత్తు లేపకూడదన్నది ఇటుక పని నియమం. తడి మాలు మీద బరువు పెరిగితే గోడ కుంగుతుంది, పక్కకు ఒరుగుతుంది. మూడు ఘనపు మీటర్లంటే తొమ్మిది అంగుళాల గోడ 13 చదరపు మీటర్లు. మీటరున్నర ఎత్తులో దానికి దాదాపు తొమ్మిది మీటర్ల పొడవు కావాలి. ఆరు మీటర్ల గోడ అప్పగించి బోనస్ ఆశ పెట్టారంటే నియమం మీరమని మీరే చెప్పినట్టు. నిలువు విషయంలో ఇటుక పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 2212 ఇచ్చే వెసులుబాటు మూడు మీటర్ల ఎత్తుకు 6 మిల్లీమీటర్లు. గుండు వేసి చూసి, అంతకు మించి వాలిన గోడను కొలతల పుస్తకంలోకి ఎక్కించకండి. కూలి కోయనక్కర్లేదు. ఆ గోడ బోనస్ లెక్కలో లేదంటే చాలు, మర్నాటి నుంచి గుండు జట్టే వేసుకుంటుంది.

గుత్త సంగతేమిటని అడుగుతారు. గుత్త మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్న ప్రోత్సాహక పథకమే, ఎంత కడితే అంత. రోజు కూలీకి పెడితే పని సాగదీస్తారు. లేబరు గుత్తకిస్తే మీ సిమెంటు పారబోస్తారు. మెటీరియల్‌తో కలిపి గుత్తకిస్తే సిమెంటు మిగులుస్తారు, అది ఇంకా ప్రమాదం. కొలిచి చూడగలిగే పనికి, అంటే పునాది తవ్వకానికో టైల్స్‌కో, గుత్త బాగానే పనిచేస్తుంది. కప్పేస్తే లోపలేముందో కనబడని పనికి నేనైతే ఇవ్వను. స్లాబు రోజు పెట్టే బిర్యానీ, దసరా మామూలు ఆనవాయితీగా ఇచ్చేవి. వాటిని ఆపకండి, అలాగని బోనస్ ఖాతాలోనూ రాయకండి.

నేను కొన్న పగుళ్లు

నా తప్పు ఒకటి చెప్పాలి. ఒక సైటులో స్లాబుకీ స్లాబుకీ మధ్య రోజులు తగ్గిస్తే సెంట్రింగ్ జట్టుకు రోజుకింత అని ప్రకటించాను. జట్టు ఉత్సాహంగా పని చేసింది. రెండు స్లాబులు అనుకున్నదానికంటే ముందే పడ్డాయి, ఆఫీసులో నా పేరు మోగింది. మూడో స్లాబు కింద సన్నటి పగుళ్లు కనిపించాయి. విచారిస్తే తొమ్మిదో రోజునే జాకీలు తీసి పై అంతస్తుకు మోశారు. ఆ స్లాబు స్పాన్ నాలుగున్నర మీటర్లు దాటింది. కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం దాని కింద ఆధారాలు 14 రోజులు ఉండాలి. ఆరు మీటర్లు దాటిన దూలాల కింద అయితే 21 రోజులు.

మొదట జట్టు మీద అరిచాను. సెంట్రింగ్ మేస్త్రి తల వంచుకుని విని, "రెండో సెట్టు జాకీలు తెప్పించమని రెండుసార్లు అడిగాం సార్" అన్నాడు. నిజమే. అడిగారు. ఖర్చని నేనే వాయిదా వేశాను. జాకీలు చేయాల్సిన పనిని బోనస్‌తో చేయించబోయాను. మళ్లీ ఆధారాలు పెట్టి, నిపుణుణ్ని పిలిచి, మరమ్మతు చేయించేసరికి రెండో సెట్టు అద్దెకు ఎన్నో రెట్లయింది. ఆ రోజు నుంచి నా నియమం ఒకటే. కాంక్రీటు గట్టిపడే కాలానికీ, క్యూరింగుకూ, ఆధారాలు విప్పే తేదీకీ దగ్గరగా ఏ బోనస్సూ వెళ్లకూడదు. సిమెంటుకు డబ్బాశ ఉండదు.

ప్రమాదాల విషయంలోనూ ఇంతే. "ఈ నెల ఒక్క ప్రమాదం లేకపోతే అందరికీ కానుక" అంటే దెబ్బ తగిలిన కుర్రాడు వేలికి గుడ్డ చుట్టుకుని జేబులో పెట్టుకుంటాడు, చెబితే అందరి కానుకా పోతుంది మరి. ఇలాంటి కానుకలు గాయాలను దాచిపెట్టేలా చేస్తాయని అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 2012లోనే హెచ్చరించింది. ఇవ్వాలనుంటే, ఊగుతున్న పరంజా ముందుగా చూసి చెప్పినవాడికి ఇవ్వండి.

శనివారం

మేస్త్రీలకు టేలర్ పేరు తెలియదు గానీ అతని లెక్క సారం బాగా తెలుసు. బెత్లెహేం స్టీల్ కంపెనీలో ఒక కూలీ రోజుకు పన్నెండున్నర టన్నుల ఇనుము మోసేవాడు, టేలర్ పద్ధతిలో 47 టన్నులు మోశాడు. కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగింది. పని దాదాపు నాలుగింతలైంది, కూలి మాత్రం రెట్టింపు కూడా కాలేదు. ఎక్కువ చేసి చూపిస్తే వచ్చే నెల ప్రమాణమే పెంచేస్తారన్న భయం మేస్త్రి ఎముకల్లో ఉంది. అందుకే కొత్త స్కీము పెట్టిన మొదటి వారం ఏ జట్టూ పూర్తి బలం చూపదు. మీరు ఎలా ప్రవర్తిస్తారో చూస్తుంది. పని పద్ధతో యంత్రమో మారితే తప్ప ఆ భవనం పూర్తయ్యేదాకా ప్రమాణం మార్చనని చెప్పండి, కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఒడిశా, బెంగాల్, బిహార్ జట్లుంటే వాళ్ల భాషలోనూ రాయించండి. ఒక జట్టు మీరు ఊహించినదానికి రెండింతలు సంపాదించిందనుకోండి, పళ్లు బిగించి ఇచ్చేయండి. ప్రమాణం తప్పుగా కొలిచింది మీరు.

బట్వాడా రోజునే బోనస్ కూడా చేతికి రావాలి. శనివారం మధ్యాహ్నం కొలతలు, జట్టులో ఒకరు టేపు ఇంకో కొస పట్టుకోవాలి. సాయంత్రం డబ్బు. "ప్రాజెక్టు చివర్లో కలిపి ఇస్తాం" అనే బోనస్‌ను అడ్డా మీద నిలబడే మనిషి నమ్మడు. నమ్మనక్కర్లేదు కూడా, అప్పటికి అతను ఎక్కడుంటాడో అతనికే తెలియదు.

చట్టం గీసిన గీతలు కొన్ని ఉన్నాయి. గుత్తకు చేసినా రోజు లెక్కన కనీస వేతనానికి తగ్గకూడదు. అదనపు గంటలకు రెట్టింపు కూలి, దాన్ని బోనస్ పేరుతో చెల్లు వేయడం కుదరదు. ఏటా ఇచ్చే చట్టబద్ధమైన బోనస్ వేరే. 1965 చట్టం భవన నిర్మాణ కాంట్రాక్టర్ల కింద పనిచేసేవాళ్లను నలభై ఏళ్లకు పైగా బయటే ఉంచింది, 2007 సవరణతో లోపలికి తెచ్చింది. కనీసం 8.33 శాతం. ఇప్పుడది వేతనాల కోడ్‌లో కలిసింది. పైసా ఖర్చు లేని ప్రోత్సాహకం మరొకటుంది. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన 18–60 ఏళ్ల మనిషి సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. ఆ 90 రోజుల ధ్రువపత్రం మీద సంతకానికి మేస్త్రీలను నెలల తరబడి తిప్పుకునే ఇంజినీర్లున్నారు. మీ సైటు కట్టే సెస్సు ఆ బోర్డుకే పోతోంది, సంతకం పెట్టడానికేం?

ఇక చివరి చిక్కు, డబ్బు ఎవరి చేతికి వెళుతుందన్నది. పాలమూరు నుంచి వలస వెళ్లే జట్లలో గుంపు మేస్త్రి ముందే అడ్వాన్సు ఇచ్చి మనుషులను కూర్చుకుంటాడు. ఏడాది పొడవునా పని ఆ అప్పులోకే జమ. ఠేకేదారు ఉన్న జట్లలోనూ ఇలాంటిదే. మీరు బోనస్ అతని చేతికిస్తే అది పాత బాకీల పుస్తకంలో ఒక గీతై మాయమవుతుంది. మోసిన మనిషికి బోనస్ ఉన్నట్టే తెలియదు. గుంపు మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని, అతనికి రావాల్సిన కమిషను విడిగా ఇచ్చి, బోనస్ మాత్రం పేరు పిలిచి ఎవరిది వాళ్ల చేతిలో పెట్టండి. అతను మొహం మాడ్చుకుంటాడు. రెండు వారాలు ఓర్చుకోండి.

మొదటి అంతస్తు నుంచే ఇలా మొదలుపెట్టిన ఒక సైటులో, తొలి శనివారం ఒక హెల్పరు నాలుగొందల ఇరవై రూపాయలు లెక్కపెట్టుకుని కదలకుండా అక్కడే నిలబడింది. "ఏందమ్మా, తక్కువైందా?" అన్నాను.

"ఇది అడ్వాన్సుల పట్టుకోరా సారూ?"

"పట్టుకోం. ఇది నీదే."

కొంగున ముడేసుకుని వెళ్లిపోయింది. సోమవారం పొద్దున నేను బండి దిగకముందే గేటు దగ్గర ఎదురొచ్చి అడిగింది: "సారూ, ఇసుక లారీ ఎప్పుడొస్తది?"